ఏ పాపం చేశామండీ?

రక్తపరీక్ష చేసే మనిషిని పాపపుణ్యాల సంగతి ఎందుకడుగుతారో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. పోనుపోను తెలిసింది. డాక్టరు గారి ముందు నోరు పెగలదు. నర్సమ్మలు ఒక్కచోట నిలవరు. గుళ్ళో పంతులు గారు అర్ధరాత్రి దొరకరు. కిటికీలోంచి రిపోర్టు అందించే నేను మాత్రం ఓ అర నిమిషం కదలకుండా ఎదురుగా ఉంటాను. ఆ అర నిమిషంలో అడిగేస్తారు: "ఏ పాపం చేశామండీ, మాకే ఇలా వచ్చింది?"

నేను పాలకొల్లు మనిషిని. క్షీరారామలింగేశ్వరస్వామి గుడికి దగ్గర్లో పుట్టి పెరిగాను. నాన్నగారు కార్తీకమాసంలో గుడి మండపంలో పురాణం చెప్పేవారు. అన్నయ్య వేదం చదువుకుని కోనసీమలో ఉంటున్నాడు. నేను ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివి ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. సర్వీసులో ఎక్కువ భాగం కాన్పుల వార్డుకు ఆనుకుని ఉన్న ల్యాబులోనే గడిచింది. దేవుణ్ణి నమ్ముతాను. కర్మనీ నమ్ముతాను. నమ్మకం లేనివాళ్ళు ఈ విషయం మీద చాలా రాశారు గనక, ఉన్నదాన్ని నేనూ ఒక మాట చెప్పాలనుకున్నాను.

ఒక లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి గురించి చెబుతాను. తొలిచూలు. ఎనిమిదో నెల, ముప్పై ఒకటో వారం. కాళ్ళకు నీరొచ్చిందంటే, "కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలేలే" అన్నారట ఇంట్లో. తలనొప్పన్నా అదే మాట. కళ్ళ ముందు మెరుపులు కనబడుతున్నాయన్నాక 108కి ఫోన్ చేశారు. వచ్చేసరికి బీపీ 170/110. మూత్రం వేడిచేసి చూస్తే పరీక్షనాళికలో తెల్లగా పెరుగులా విరిగింది, అంటే అల్బుమిన్ దండిగా పోతోంది. ప్రీఎక్లాంప్సియా. ఇది ముదిరి ఫిట్స్ వస్తే దాన్నే మా పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు. వాళ్ళ కాలంలో ఆ పేరు విన్నారంటే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి.

ప్లేట్‌లెట్లు 38 వేలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. మిషను మాట నేను ఒక్కసారికి నమ్మను. ఒక్కోసారి రక్తం తీసిన గొట్టంలోనే అవి ముద్దకట్టి తక్కువ చూపిస్తాయి. అందుకని గాజుపలక మీద రక్తం పూసి, లీష్‌మన్ రంగు వేసి, నూనె లెన్సు కింద పెట్టాను. ఒక్కో ఫీల్డులో కనబడినవాటి సగటును 15 వేలతో హెచ్చవేస్తే లెక్క దాదాపుగా తేలుతుంది. ఒకదాంట్లో రెండు కనబడితే ఇంకోదాంట్లో మూడు. లెక్క నిజమే. పైగా ఉన్న కాసినీ మామూలు కంటే పెద్దవి, పచ్చిగా ఉన్నవి: ఎముక మూలుగ తొందరపడి పంపేస్తోందన్నమాట. మధ్యమధ్య విరిగిన ఎర్రకణాలు. కాలేయం పరీక్షలూ పెరిగి ఉన్నాయి. ఈ మూడూ కలిసిన దానికి 1982లో లూయీ వైన్‌స్టీన్ అనే అమెరికా డాక్టరు హెల్ప్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు.

రిపోర్టు తీసుకోడానికి అత్తగారు వచ్చింది. అరవై దాటిన మనిషి, తడిసిన చీర ఒంటిమీదే ఆరిపోయి ఉంది. కోడలు గ్రహణం నాడు కూర తరిగిందని ఎవరో అంటున్నారని చెప్పింది. ఆ మాట తను నమ్మినట్టు నాకనిపించలేదు. తర్వాత అసలు బాధ బయటపెట్టింది. కొడుక్కి పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేకపోతే ఆవిడ సప్తసాగర యాత్ర చేసిందట. పుష్యమాసంలో చొల్లంగి అమావాస్యకు మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్లన్నీ మునిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరింది. సంతానం కోసం ఈ యాత్ర చేయడం మా జిల్లాల్లో తరతరాలుగా ఉన్నదే. "ఏడు సాగరాల్లో మునిగానండి. ఇంకా ఏ పాపం మిగిలిందండీ?" అంది.

కోడల్ని సాధించే అత్తలను చాలామందిని చూశాను. ఈవిడ ఆ కోవ కాదు. ఆవిడది నిజమైన ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు ఆ అమ్మాయి ఒంట్లో ఏం జరిగిందో చూడాలి. జబ్బు సంగతి తెలియకుండా కర్మ గురించి మాట్లాడితే ఆ మాట వెళ్ళి ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

మొదలంతా మాయ దగ్గర. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయలోని కణాలు తల్లి గర్భాశయంలోకి చొచ్చుకెళ్ళి, అక్కడి సన్నటి మెలికల నాళాలను వెడల్పు చేయాలి. అయిదో నెలకల్లా ఆ పని పూర్తవ్వాలి. కొందరిలో అది సగంలో ఆగిపోతుంది. బిడ్డ పెరిగేకొద్దీ మాయకు రక్తం చాలదు. అప్పుడది తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్. దాని పాత్రను 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం బయటపెట్టింది. రక్తనాళాల లోపలి పొరను కాపాడే సంకేతాలను ఈ ప్రోటీన్ దారిలోనే పట్టేస్తుంది. దాంతో మెదడు, కాలేయం, మూత్రపిండాలు అన్నిచోట్లా ఆ పొర చెడుతుంది.

వరదల్లో ఏటిగట్టుకు గండిపడితే ఊరు ఊరంతా ఇసుక బస్తాలతో పరిగెత్తడం మా వైపు అందరూ చూసిందే. ప్లేట్‌లెట్ల ఉద్యోగం అదే. గండి ఒక్కటైతే ఒక పూటలో పూడుస్తారు. గట్టు పొడవునా వేలచోట్ల బీటలు వారితే ఉన్న బస్తాలన్నీ అక్కడే ఖర్చయిపోతాయి, చివరికి నిజంగా గండిపడిన చోట వేయడానికి ఒక్కటీ మిగలదు. తల్లికి జరిగేది ఇది. మూలుగ తయారుచేస్తూనే ఉంటుంది, కానీ మామూలుగా ఏడు నుంచి పది రోజులు తిరిగే ప్లేట్‌లెట్ ఈ జబ్బులో అంతకంటే చాలా ముందే ఖర్చయిపోతుంది.

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఈ జబ్బుకు మందు కాన్పే. మాయ బయటికొస్తే తప్ప తల్లి ఒళ్ళు చల్లబడదు. బిడ్డకేమో లోపల గడిపే ప్రతి రోజూ లాభం. ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి కీడు చేసే ఇలాంటి చోట డాక్టర్లు గంటల లెక్కన బేరమాడతారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజక్షన్లిస్తారు, తల్లికి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. ఆ ఉప్పు ఫిట్స్‌ను సగానికి సగం తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన మ్యాగ్‌పై పరిశోధన 2002లో తేల్చింది. ఈ అమ్మాయికి రెండు రోజులు ఆగే వీలు కూడా లేకపోయింది. వెన్నులో సూది వేస్తే అక్కడ రక్తం కారుతుందన్న భయంతో పూర్తి మత్తు ఇచ్చారు. ముందుగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మగబిడ్డ, కిలో నూట యాభై గ్రాములు. ఆ వారాలకు ఉండాల్సిన బరువు కంటే బాగా తక్కువ.

మర్నాటి నుంచి నా ట్రేలో రెండు గొట్టాలు వచ్చేవి. ఒకదాని మీద తల్లి పేరు. రెండోదాని మీద "బేబీ ఆఫ్" అని రాసి మళ్ళీ తల్లి పేరే. పుట్టిన బిడ్డకు నామకరణం దాకా ఆసుపత్రిలో అదే పేరు. అంత చిన్న బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపితే వంద మిల్లీలీటర్లు ఉంటుందేమో, అంచేత తీసేది చుక్కల లెక్క. మడమ గుచ్చి పిండితే గొట్టంలో పడేలోపే గడ్డకట్టి లెక్క తప్పుతుంది. సిస్టరుతో చెప్పి నరంలోంచే తీయించేదాన్ని.

తల్లికి కాన్పయ్యాక ఇంకో రోజు దిగి, నాలుగో రోజుకు 70 వేలు దాటి, ఆరో రోజుకు లక్ష పైకి వచ్చింది. బిడ్డకు పుట్టినప్పుడు లక్షా పదివేలు. మూడో రోజుకు 58 వేలకు పడిపోయింది. తొమ్మిదో రోజుకు లక్షన్నర దాటింది. తల్లి ఒక వార్డులో, బిడ్డ చంటిపిల్లల ప్రత్యేక విభాగంలో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే ఆ వారం గడిచింది.

మంచం మీద నుంచి లేవగలిగిన రోజు ఆ అమ్మాయి నేరుగా నా కిటికీ దగ్గరకే వచ్చింది, పొట్ట చేత్తో పట్టుకుని. "నా రక్తంలో లేకేగా మేడం, వాడికీ లేకుండా పోయింది?" అంది. అత్తగారి ప్రశ్న దేవుడికి. ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్న శిక్ష.

కాదని చెప్పాను. ఊరికే ధైర్యం చెప్పే మాట కాదది, నా పని నాకు నేర్పిన సంగతి. తల్లి రక్తం బిడ్డలోకి పారదు. ఇద్దరి రక్తాల మధ్య మాయలో పలుచని గోడ ఉంది. ప్రాణవాయువు దాటుతుంది, చక్కెర దాటుతుంది, కొన్ని ప్రతిరక్షకాలు దాటుతాయి. ప్లేట్‌లెట్లు దాటవు. ఐటీపీ అనే వేరే జబ్బుంది. దాంట్లో తల్లి ప్రతిరక్షకాలే గోడ దాటివెళ్ళి బిడ్డ ప్లేట్‌లెట్లను కూడా నాశనం చేయగలవు. ప్రీఎక్లాంప్సియాలో జరిగేది అది కాదు. మాయకు రక్తం చాలక, బిడ్డకు నెలల తరబడి ప్రాణవాయువు తక్కువగా అందుతుంది. ఆ కరువులో బిడ్డ మూలుగ ప్లేట్‌లెట్లను తయారుచేసే పని తగ్గించుకుంటుంది. తల్లి దగ్గర బస్తాలు ఖర్చయిపోయాయి, బిడ్డ దగ్గర కుట్టేవాళ్ళే తగ్గారు. ఒకే జబ్బు, రెండు ఒళ్ళల్లో రెండు వేరు దారులు. తల్లి లెక్క ఎంత దిగిందన్న దాన్నిబట్టి బిడ్డ లెక్క చెప్పలేం. ఎన్ని వారాలకు పుట్టాడు, ఎంత బరువున్నాడు అన్నదే ఎక్కువ చెబుతుంది. చాలామంది పిల్లల్లో వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది, ఈ పిల్లాడికి సర్దుకున్నట్టే. వాడికి ప్లేట్‌లెట్లు ఎక్కించనే లేదు.

ఆ పిల్లకు చెప్పని సంగతి ఇంకొకటుంది, ఇప్పుడు చెబుతాను. మాయ పెరిగేది తల్లి ఒంట్లోనే అయినా తయారయ్యేది బిడ్డ వైపు కణాలతో. వాటి జన్యువుల్లో సగం తండ్రి నుంచి వచ్చినవే. నార్వే జనన రికార్డులు తిరగేసిన పరిశోధకులు 1998లో ఒక విషయం చూశారు: ఒక స్త్రీ వల్ల కలిగిన గర్భంలో ఈ జబ్బు చూసిన మగవాడికి, వేరే స్త్రీ వల్ల బిడ్డ కలిగినా ఆ గర్భంలో జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. తండ్రినీ ఆ బోనులోకి లాగాలని ఈ మాట చెప్పడం లేదు. పాపం ఎవరిదని వేలు చూపాలనుకుంటే, ఆ వేలు మాయ దగ్గరకు వెళ్ళి ముగ్గురి మధ్యా ఎటు తిరగాలో తెలియక ఆగిపోతుంది. ఆ ముగ్గురిలో ఎవరూ తెలిసి చేసిన పని ఒక్కటీ అక్కడ లేదు.

చరకుడు ఎనిమిదో నెల గురించి ఒక మాట చెప్పాడు. ఆ నెలలో ఓజస్సు తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి తల్లికి అటూ ఇటూ తిరుగుతూ నిలకడ లేకుండా ఉంటుందని, అప్పుడు కాన్పయితే ప్రమాదమని. గర్భిణికి రెండు హృదయాలన్న మాట కూడా మన ఆయుర్వేదంలో ఉంది. గొట్టాలూ రంగులూ లేని రోజుల్లో ఆ వైద్యులు మంచం పక్కన కూర్చుని ఇద్దరి ప్రాణాలు ఒకేసారి ఊగడం చూసి ఉంటారు. వాళ్ళు చూసింది సరిగానే చూశారు. వివరం మాత్రం తర్వాత వచ్చింది. దాటేవేవో దాటనివేవో ఇప్పుడు మనకు తెలుసు. ఆ గోడ ఉందని తెలిశాక కూడా తల్లి తన లోటు బిడ్డకు అంటిందని కుమిలిపోతుంటే ఊరుకోవడం నాకు ధర్మంగా తోచదు.

అన్నయ్యకూ నాకూ దీని మీద ఏళ్ళ తరబడి వాదన. "కర్మ లేదంటావా చెల్లాయ్?" అంటాడు. లేదనను. గీతలో కృష్ణుడే కర్మ నడక లోతు అంతుపట్టదన్నాడు కదా, అంతుపట్టనిదాన్ని ఆసుపత్రి వరండాలో నిలబడి ఎవరో పక్కింటావిడ ఎలా చదివేస్తుందని అడుగుతాను. చరకుడి విమానస్థానంలో అగ్నివేశుడు ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని అడిగితే, ఆత్రేయుడు దైవమూ మనిషి ప్రయత్నమూ రెండూ కలిసే నడిపిస్తాయంటాడు. అంతా ముందే రాసి ఉంటే మందులూ మంత్రాలూ హోమాలూ ఎవరికీ అక్కర్లేకపోను కదా అంటాడు. మన శాస్త్రంలోనే ఉన్న ఈ మాటను మనవాళ్ళే మరిచిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇంకొకటి కూడా అన్నయ్యను అడిగాను. ఎదుర్లంక నుంచి యానాం వంతెన రాకముందు కోనసీమ వైపు నుంచి నొప్పులు పడుతున్న మనిషిని కాకినాడ తీసుకెళ్ళాలంటే గౌతమి పాయను పంటు మీద దాటాలి, లేదా చుట్టూ తిరగాలి. రాత్రిపూట పంటు ఉండదు. ఆ ఒడ్డున ఫిట్స్‌తో పోయినవాళ్ళు ఎందరో, వాళ్ళందరికీ ఇంట్లోవాళ్ళు చెప్పుకున్న కారణం కర్మే. వంతెన పడ్డాక ఆ ఒడ్డు ఆడవాళ్ళ పూర్వజన్మ పాపాలన్నీ ఒక్కసారిగా తరిగాయా? అంతకుముందు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టక ముందు, 1833 ప్రాంతాల్లో ఈ గడ్డ మీద కరువుకు జనం రాలిపోయారు. అదీ అప్పుడు కర్మే. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక అదే నేల అన్నం పెట్టింది. అన్నయ్య కాసేపు ఆగి, "ఆనకట్ట కట్టేవాడు రావడం కూడా మన పుణ్యమేగా" అన్నాడు. మంచి జవాబే. పుణ్యాన్ని అందరిదీ అని పంచుకునే మనం పాపాన్ని మాత్రం ఒక్క ఆడపిల్ల పేరున ఎందుకు రాస్తామో ఆ జవాబులో దొరకలేదు.

మా హెడ్ సిస్టర్ నరసాపురం ఆవిడ, క్రైస్తవురాలు. నైట్ డ్యూటీలో మా మాటలు విని, వాళ్ళ యోహాను సువార్తలో తొమ్మిదో అధ్యాయం చెప్పింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇది వీడి పాపమా, వీడి తల్లిదండ్రుల పాపమా అని అడిగితే, యేసయ్య ఇద్దరిదీ కాదన్నాడట. తర్వాత వాడికి చూపిచ్చాడట. ఆ మాట వింటుంటే నాకు నాన్నగారు చెప్పిన ఉత్తర కథ గుర్తొచ్చింది. అశ్వత్థామ వదిలిన అస్త్రం కడుపులో ఉన్న బిడ్డ మీదకు వెళ్ళింది. ఆ బిడ్డ ఏం చేశాడు? ఉత్తర ఏం చేసింది? కౌరవ పాండవుల పగకు, ఆ యుద్ధంలో జరిగిన పాపాలకు లెక్కే లేదు, ఎవరి నెత్తినైనా వేయొచ్చు. కృష్ణుడు ఆ లెక్క తీయలేదు. చలనం లేకుండా పుట్టిన పరీక్షిత్తు ముందు కూర్చుని, తన జీవితంలోని సత్యాన్ని పణంగా పెట్టి బతికించాడు. మా ఊరి స్థలపురాణంలో ఉపమన్యువు కథ కూడా అంతే. పాల కోసం ఏడ్చిన పిల్లవాడికి శివుడు పాలసముద్రాన్నే ఇచ్చాడు. ఆ పిల్లాడి ఇంట్లో పాలు లేకపోవడానికి ఏ జన్మ పాపం కారణమో నాన్నగారు ఏనాడూ చెప్పలేదు. పురాణంలో ఉంటే చెప్పకుండా ఊరుకునే మనిషి కాదాయన.

కర్మ అన్నది నా జీవితం గురించి నేను అనుకోదగ్గ మాట. నాకొచ్చిన కష్టాన్ని ఓర్చుకోడానికి, రేపు చేసే పని జాగ్రత్తగా చేయడానికి అది నాకు పనికొస్తుంది. ఎదుటి మనిషి కష్టాన్ని వివరించడానికి దాన్ని వాడే హక్కు నాకు లేదు. నా దగ్గరున్నది ఆవిడ ప్లేట్‌లెట్ల లెక్క. ఆవిడ జన్మల లెక్క నా దగ్గర లేదు, ఏ పంతులు గారి దగ్గరా లేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇంట్లోనే తోడబుట్టినవాళ్ళను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నారు. చిన్నతనంలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్న మనిషి. కర్మ అని కళ్ళు మూసుకుని జపం చేసుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన అమెరికా వెళ్ళి, ఒంట్లో ఏది లోపించిందని వెతికారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఈనాడు అంగన్‌వాడీలో ప్రతి గర్భిణి చేతిలో పడే ఐరన్ మాత్రలో అదే ఉంది. ఆ ఆమ్లం లోపించినా కొందరు తల్లులకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి. గాజుపలక మీద తెల్లకణాల ముడులు లెక్కపెట్టి అది వేరు, ప్రీఎక్లాంప్సియా వేరు అని పోల్చుకుంటాం. ఇంకో విచిత్రం చూడండి. 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి సుబ్బారావు గారు ఏటీపీని కనిపెట్టారు. అది ఒక మెట్టు దిగితే ఏడీపీ. నాళం దెబ్బతిన్న చోట చేరిన ప్లేట్‌లెట్ మిగతావాటిని పిలవడానికి వదిలేది ఆ ఏడీపీనే. భీమవరానికీ పాలకొల్లుకూ ఎంత దూరమని! పక్క ఊరివాడు చూపించిన పదార్థాల కుటుంబం నా గాజుపలక మీద పనిచేస్తోందనుకుంటే నాకు గుళ్ళో ఉన్నట్టే ఉండేది.

ప్రీఎక్లాంప్సియాను పూర్తిగా ఆపే మందు లేదు. కానీ ప్రమాదం ఎక్కువున్న వాళ్ళకు మూడో నెల నుంచి రాత్రిపూట చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు. ప్లేట్‌లెట్లు అనవసరంగా రెచ్చిపోకుండా చేసే మాత్ర అది. 2017లో వచ్చిన ఆస్ప్రే పరిశోధనలో 150 మిల్లీగ్రాముల మాత్ర, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియాను అరవై శాతానికి పైగా తగ్గించింది. ఆ మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోవాలి, సొంతంగా కాదు. ఆ లంక గ్రామం అమ్మాయి రెండో కాన్పుకు మొదటి నెలల్లోనే వచ్చింది. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ గనక మాత్ర రాశారు, ప్రతి రాకకూ బీపీ, అల్బుమిన్ చూశారు. ఈసారి నెలలు నిండాక కన్నది.

తొలి కాన్పు రాత్రి ఎక్కించిన ప్లేట్‌లెట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఎర్రరక్తాన్ని చల్లటి అరలో ముప్పై అయిదు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ దాచొచ్చు. ప్లేట్‌లెట్లను అలా దాచలేం. ఇరవై, ఇరవై నాలుగు డిగ్రీల మధ్య, ఆగకుండా ఊగే పళ్ళెంలో పెడితే అయిదు రోజులు. ఆ తర్వాత పారబోయడమే. ఎవరో ఒకరు ఆ వారంలోనే ఇచ్చి ఉండాలి. ఆ రాత్రికి సరిపడా లేకపోతే రావులపాలెం నుంచి ఆటో తోలే కుర్రాడొకడు వచ్చి మిషను మీద గంటన్నర పడుకుని ఇచ్చాడు. ఎవరికిస్తున్నాడో అడగలేదు. వాళ్ళది ఏ కులమో, ఏ ఊరో, ఆ పిల్లకు ఈ జబ్బు ఎందుకొచ్చిందో కూడా అడగలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో పోయేదాకా వేళాపాళా లేకుండా, వచ్చినవాడు ఎవడని చూడకుండా అన్నం పెట్టారు. ఆకలి నీకెందుకొచ్చిందని ఆవిడ ఎవర్నీ నిలదీసినట్టు మా కోనసీమలో ఏ కథా లేదు. ఆ కుర్రాడు పచారీ కొట్టు దగ్గర మజ్జిగ ప్యాకెట్ తాగి వెళ్ళిపోయాడు. నాకు ధర్మం గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఇలాంటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

అందరూ బతకలేదు. ఇరవై ఎనిమిది వారాలకు పుట్టిన ఒక పాప నాలుగో రోజున పోయింది. ఎవరూ ఏ పొరపాటూ చేయలేదు. చేయాల్సినవన్నీ చేశారు. తల్లికి వంతెన ఉంది, మాత్ర ఉంది, మెగ్నీషియం ఉంది. అయినా పోయింది. ఈ సంగతి అన్నయ్యకు చెప్పినప్పుడు అతను గెలిచినట్టు మాట్లాడలేదు, గొంతు తగ్గించి అడిగాడు. "కర్మ అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసిందా? ఆ పసిదానికి ఏ పూర్వకర్మా లేదంటే దేవుడు అన్యాయం చేసినట్టవుతుంది. ఆ మాట అనలేకే పెద్దలు కర్మను మధ్యలో పెట్టారు."

కర్మ సిద్ధాంతం వైపు నుంచి నేను విన్నవాటిలో ఇంతకంటే బలమైన మాట లేదు. చాలా రోజులు ఆలోచించాను. చివరికి అన్నయ్యకు ఇలా చెప్పాను: అయితే అన్యాయమనే అంటాను. క్షీరారామంలో లింగం ముందు నిలబడి, అభిషేకం జరుగుతుండగా, ఆ పాప విషయంలో నువ్వు చేసింది నాకు న్యాయంగా కనబడలేదని స్వామికే చెబుతాను. చెప్పాను కూడా. ఆయన హాలాహలం మింగినవాడు, నా మాట మోస్తాడు. కోత కుట్లు ఆరని, పాలు గడ్డకట్టి జ్వరంతో పడుకున్న ఇరవై ఏళ్ళ పిల్ల మీద ఆ బరువు పెట్టడం కంటే ఆయన మీద పెట్టడమే భక్తి అనుకుంటున్నాను.

"అది నిష్ఠూరం, భక్తి కాదు" అన్నాడు అన్నయ్య. రామదాసు గోల్కొండ చెరలో కూర్చుని రాముణ్ణి నిలదీసింది ఏమిటి మరి అన్నాను. దానికి ఇంకా జవాబు చెప్పలేదు. చెబితే వింటాను.